జూడోలో చేరి నెల దాటింది, ఇంకా పడటమే నేర్పిస్తున్నారు. ఇది మామూలేనా?

నిషికసాయి_నాని · మే 9, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. నేను టోక్యోలో ఉంటా, వయసు 34, బరువు 78 కిలోలు, పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. డాక్టరు బరువు తగ్గమన్నాడు, జిమ్‌కి డబ్బు కట్టి వెళ్ళకుండా ఉండటంలో నాకు మంచి అనుభవం ఉంది కాబట్టి ఈసారి వేరే ఏదైనా చేద్దామని ఏప్రిల్‌లో మా వార్డు స్పోర్ట్స్ సెంటర్‌లో పెద్దవాళ్ళ జూడో క్లాసులో చేరా. వారానికి రెండు రోజులు, సాయంత్రం 7 నుంచి 9. కొత్తవాళ్ళం ఆరుగురం. సెన్సేకి, అంటే మా గురువుకి, డెబ్బై దాటి ఉంటాయి, ఎక్కువ మాట్లాడడు.

సమస్య ఏంటంటే ఇప్పటికి తొమ్మిది క్లాసులయ్యాయి, తొమ్మిదింటిలోనూ ఉకెమి ఒక్కటే. అంటే పడటం. మొదట వెల్లకిలా పడుకుని చేతులతో చాప మీద కొట్టటం, తర్వాత గొంతుకూర్చుని వెనక్కి పడటం, ఇప్పుడు నిలబడి పడటం. పక్కకి పడటం, ముందుకి పడటం, ఆ దొర్లటం కూడా మొన్నే మొదలైంది. ఎవర్నీ ఇంతవరకు ముట్టుకోనుకూడా లేదు. చేతులు వాచిపోయి మర్నాడు కీబోర్డు కొట్టలేకపోతున్నా.

మా ఆవిడైతే "డబ్బులు కట్టి మరీ పడుతున్నావా, నువ్వు ఊరికే కూడా పడతావు కదా" అని ఒకటే నవ్వు.

ఇది అన్నిచోట్లా ఇలాగే ఉంటుందా లేక మా సెన్సేకి మా మీద నమ్మకం లేదా? ఈలోపు వీడియోలు చూసి ఇంట్లో త్రోలు, అంటే అవతలివాణ్ణి పడెయ్యటం, ప్రాక్టీస్ చేస్తే తప్పా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బెజవాడ_కరాటే · మే 9, రాత్రి 11:52

బ్రో నేను కరాటేలో చేరిన మొదటి రోజే వంద పంచ్‌లు కొట్టించారు, రెండో రోజు కిక్. నెలంతా పడటమేంటి, మీ సెన్సే రిటైరై టైంపాస్ చేస్తున్నట్టున్నాడు హహ. క్లాసు మార్చేయ్.

పాతచాప · మే 10, ఉదయం 6:15

నాని గారూ, మీ సెన్సే సరిగ్గానే నేర్పిస్తున్నాడు, ఇంకో నెల ఇదే చేయించినా కంగారు పడకండి. నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళకు పైగా జూడో చేసి ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక ఉంటే చదవండి.

కరాటేలో మొదటి రోజు పంచ్ నేర్పొచ్చు, ఎందుకంటే గాలిలోకి కొడతారు, గాలికి దెబ్బ తగలదు. జూడోలో త్రో నేర్పాలంటే అవతల ఒక మనిషి పడాలి. మీ క్లాసులో ఆరుగురు ఉన్నారంటే ఆ ఆరుగురికీ పడటం వచ్చేదాకా ఒక్కరికి కూడా పడెయ్యటం నేర్పలేరు. లెక్క అంతే.

ఇప్పుడు ఒక చేదు విషయం. జపాన్ స్కూళ్ళలో 1983 నుంచి 2011 దాకా జూడో చేస్తూ వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువమందికి తలకి దెబ్బే, పుర్రె లోపల రక్తస్రావం, అదీ చేరిన మొదటి ఏడాది పిల్లల్లో ఎక్కువ, అందులోనూ ఓసోతో గారి అనే త్రోకి వెనక్కి పడి తల కొట్టుకున్నవాళ్ళు ఎక్కువ. 2012లో అక్కడ మిడిల్ స్కూల్‌లో యుద్ధకళలు తప్పనిసరి చేసినప్పుడు దీనిమీద పెద్ద గొడవే అయింది. అప్పట్నుంచీ బుద్ధి ఉన్న ప్రతి టీచరూ కొత్తవాళ్ళని ఉకెమి దగ్గర ఆపుతాడు.

సరే ఇక చేసే పద్ధతి. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనాలి, కళ్ళు మీ బెల్టు ముడి మీద ఉండాలి. ముడి కనపడుతోందంటే తల లేచి ఉన్నట్టు, పైకప్పు కనపడిందంటే తల వెళ్ళి చాపకి కొట్టుకోబోతున్నట్టు. చేతులు ఒంటికి మరీ అతుక్కోకుండా మరీ భుజాల ఎత్తుకి పోకుండా, ఓ ముప్పై నలభై డిగ్రీల్లో, అరచేతులు కిందికి, మోచెయ్యి నుంచి వేళ్ళదాకా మొత్తం ఒకేసారి తగలాలి. ఊపిరి బిగపట్టకూడదు, వదలాలి. మీకు చేతులు వాస్తున్నాయంటే చప్పుడు కోసం కొడుతున్నారు. చప్పుడు దానంతటదే వస్తుంది, మీరు తేనక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి చెయ్యి ఆనించి ఆపుకుందామనే బుద్ధి పోవాలి. పుట్టినప్పట్నుంచీ పడితే చెయ్యి పెడతాం కదా, ఆ అలవాటు పోవటానికే ఈ నెల. మణికట్టు, మోచెయ్యి విరిగేది అక్కడే.

వీడియో చూసి ఇంట్లో టైల్స్ మీద త్రోలా? వద్దు. మీ ఆవిడ మీద అసలు వద్దు.

నిషికసాయి_నాని · మే 10, మధ్యాహ్నం 1:05

పాతచాప గారూ చాలా థాంక్సండి. మా సెన్సే రోజూ "ఓబి, ఓబి" అని అరుస్తుంటే నా బెల్టు ఊడిపోతోందేమో అనుకుని ప్రతిసారీ ఆగి బిగించుకుంటున్నా. ముడి వైపు చూడమంటున్నాడని ఇప్పుడు అర్థమైంది. తొమ్మిది క్లాసులండీ!!

ఇంకో డౌట్. ముందుకి దొర్లే ఉకెమి కుడివైపు ఏదోలా వస్తోంది గానీ ఎడమవైపు ప్రతిసారీ భుజం ఎముక టక్కుమని తగులుతోంది, కళ్ళు కూడా తిరుగుతున్నాయి.

ఒసాకా_వదిన · మే 10, రాత్రి 9:40

నాని, నేను చెప్తా ఇది, ఎందుకంటే నాకూ అచ్చం ఇదే. మా బాబుని ఎనిమిదో ఏట చేర్పించి రోజూ గోడవారగా కూర్చుని ఫోన్ చూసుకునేదాన్ని, అక్కడి టీచరమ్మ ఒకరోజు వచ్చి ఎలాగూ కూర్చునే ఉన్నారుగా మీరూ రండి అంది, అంతే ఇరుక్కున్నా, ఇప్పటికి మూడేళ్ళు.

మనం చిన్నప్పుడు పరుపుల మీద వేసిన పిల్లిమొగ్గ మర్చిపో. పిల్లిమొగ్గలో తల నేలకి ఆనించి వెన్నుపూస మీద నిటారుగా దొర్లుతాం. ఇక్కడ తల అసలు నేలకి తగలకూడదు. చిటికెన వేలు వైపు నుంచి మొదలై మోచెయ్యి, భుజం వెనక భాగం, అక్కణ్ణుంచి వీపు మీద ఏటవాలుగా వెళ్ళి అవతలి వైపు పిరుదు దగ్గర తేలాలి. కుడి చెయ్యి ముందుంటే ఎడమ పక్కన తేలతావు. జంధ్యం ఎలా ఏటవాలుగా ఉంటుందో ఆ దారే అనుకో. చెయ్యి బండి చక్రంలా వంగి గట్టిగా ఉండాలి, మోచెయ్యి మడతపడిందా భుజం వెళ్ళి దబ్బుమని తగులుతుంది, నీకు జరుగుతున్నది అదే అయ్యుంటుంది. చూపు ముందుకి కాదు, చంక కిందుగా వెనక్కి చూడు, తల దానంతటదే లోపలికి పోతుంది.

ఎడమ వైపు అందరికీ ఆలస్యంగానే వస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని అక్కణ్ణుంచి మొదలుపెట్టు, నిలబడి కాదు. నేను నిలబడి చేస్తానని పట్టుబట్టి నెలరోజులు దువ్వెన కూడా ఎత్తలేకపోయా, మా బాబు నాకు జడ వేశాడు, ఆ జడ గురించి అడక్కు.

అన్నట్టు జూడోగి, అదే ఆ జూడో అంగీ, ఎలా కట్టుకుంటున్నావో చూసుకో. ఎడమ అంచు పైకి రావాలి, మగవాళ్ళకైనా ఆడవాళ్ళకైనా. మొదటిరోజు నేను తిప్పి కట్టుకుంటే ఒక పెద్దావిడ చాప అవతలి అంచు నుంచి పరిగెత్తుకొచ్చి విప్పి మళ్ళీ కట్టింది. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది శవానికట. ఉత్తరం వైపు తల పెట్టి పడుకుంటే మా అమ్మమ్మ ఎలా ఉరికొచ్చేదో అచ్చం అలాగే. ఆ ఉత్తరం తల పట్టింపు కూడా వీళ్ళకి ఉంది తెలుసా, అదే కారణం.

కరీంనగర్_గోదా · మే 11, ఉదయం 8:30

మా తాత పహిల్వాన్, నా చిన్నప్పుడు గోదాల మట్టి తవ్వుడే పెద్ద పని, రోజు పారతోని తవ్వి నీళ్ళు చల్లి మెత్తగ చేసినంకనే కుస్తీ. పడ్డా దెబ్బ తాకొద్దని. అంటే మనకాడ నేలను మెత్తగ చేసిండ్రు, వాళ్ళు మనిషిని మెత్తగ చేస్తున్నరు అన్నట్టు. మంచిగుంది.

అన్నా పాతచాప, నాదొక్కటి అడుగుతా. కుస్తీల ఒంటికి నూనె, లంగోటి, పట్టుకుంటే జారుతది. జూడోల అంత మందం అంగీ తొడిగి పట్టుకోమంటరు. గట్లైతే బలమున్నోడే గుంజి పడేస్తడు కదా, చిన్నోడు ఏం జేస్తడు?

పాతచాప · మే 11, రాత్రి 10:10

గోదా తమ్ముడూ, బలే ప్రశ్న. అసలు జూడో అంతా దీనికి జవాబే.

నిండు గ్యాస్ సిలిండర్ గుమ్మం నుంచి వంటింట్లోకి ఎలా తీసుకెళ్తావు? గ్యాస్ 14.2 కిలోలు, ఇనుము ఇంకో పదిహేను దాకా. మా అమ్మ నలభై ఐదు కిలోల మనిషి, ఎవర్నీ పిలిచేది కాదు. పైన రింగు పట్టుకుని కొంచెం ఒరిగించి అడుగు అంచు మీద తిప్పుకుంటూ తీసుకుపోయేది. నిటారుగా ఉన్నంతసేపూ అది ముప్పై కిలోలు, అంచు మీదికి ఒరిగాక వేలితో తిరుగుతుంది. దీన్నే వీళ్ళు కుజుషి అంటారు, అవతలివాడి నిలకడ తప్పించటం. తర్వాత త్సుకురి, అంటే నువ్వు సరైన చోటికి చేరటం. ఆఖర్న కాకే, అంటే పడెయ్యటం. కొత్తవాళ్ళు మొదటి రెండూ వదిలేసి మూడోదానికి దిగుతారు, అప్పుడు నువ్వన్నట్టు బలమున్నోడిదే రాజ్యం.

జూడో పెట్టిన కానో జిగోరో కూడా చిన్న మనిషే. అంతకుముందున్న జుజుత్సులో తెన్‌జిన్ షిన్యో ర్యూ, కిటో ర్యూ అని రెండు పద్ధతులు నేర్చుకున్నాడు. 1882లో టోక్యోలో ఎయిషోజి అనే గుడిలో పన్నెండు చాపలు పట్టే గదిలో మొదలుపెట్టాడు, శిష్యులు తొమ్మిదిమంది. ఆ బడి పేరే కోడోకాన్, ఇప్పుడు అందులో ఒక్క పెద్ద హాల్లోనే 420 చాపలు. ఆ కిటో ర్యూ గురువు ఈకుబో గారికి అప్పటికి యాభై దాటినా కానోని అవలీలగా విసిరేసేవాడట. ఒకరోజు కానో ఆయన్ని వరసగా పడేశాడు, ఆయన ఒక్కసారి కూడా పడెయ్యలేకపోయాడు. ఏంటయ్యా ఇదంటే, ముందు నిలకడ తప్పించి తర్వాత విసురుతున్నానని చెప్పాడు. ఇక నీకు నేర్పేదేం లేదన్నాడట గురువు. కానోయే రాసుకున్న సంగతి ఇది.

ఇక అంగీ పట్టు. కుడిచేతివాటం అయితే ఎడమ చేత్తో అవతలివాడి కుడి స్లీవ్ మోచెయ్యి దగ్గర పట్టుకోవాలి, ఇది హికితే, లాగే చెయ్యి. కుడిచేత్తో వాడి ఎడమ కాలర్ కంటె ఎముక ఎత్తులో, ఇది త్సురితే, ఎత్తే చెయ్యి. చిటికెన వేలు, ఉంగరం వేలు గట్టిగా, చూపుడు వేలు వదులుగా. కొత్తవాళ్ళు బస్సులో పైన కడ్డీ పట్టుకున్నట్టు బిగిస్తారు, ఐదు నిమిషాల్లో ముంజేతులు రాయి అయిపోతాయి. అంగీ ఉన్నది గుంజటానికి కాదు తమ్ముడూ, అవతలివాడి బరువు ఏ కాలి మీద ఉందో నీ చేతికి తెలియటానికి.

డాలస్_శీను · మే 12, ఉదయం 4:48

ఇదంతా బానే ఉంది గానీ ఈ రోజుల్లో జూడో ఎవరు చేస్తున్నారండీ, బ్రెజిలియన్ జుజుత్సులో చేరు నానీ, మొదటి రోజే గ్రౌండ్ మీద ఫైట్, పడెయ్యటాలు పడటాలు ఈ సోది ఉండదు, స్ట్రీట్ ఫైట్‌లో కూడా పనికొస్తుంది. మా జిమ్‌లో జూడో బ్లాక్ బెల్ట్‌ని కింద పడుకోబెట్టి రెండు నిమిషాల్లో ట్యాప్ చేయించా, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకునేలా చేశా.

ఒసాకా_వదిన · మే 12, ఉదయం 7:15

కింద పడుకోబెట్టి మొదలెట్టారా, లేక మీరు పడేశారా? ఊరికే అడిగా.

పాతచాప · మే 12, ఉదయం 7:50

శీను గారూ మీది కూడా ఈ ఇంటి మొక్కే. మాయేదా మిత్సుయో అనే కోడోకాన్ మనిషి 1914లో బ్రెజిల్ చేరి అక్కడ నేర్పినదాంట్లోంచే గ్రేసీ కుటుంబం విద్య, అంటే మీ బ్రెజిలియన్ జుజుత్సు వచ్చింది. మంచి విద్య, కాదనను. అయితే నాని టోక్యోలో ఉన్నాడు, ఇంటి పక్కన డెబ్బై ఏళ్ళ గురువు వార్డు ఫీజుకి నేర్పుతుంటే వేరేచోటికి ఎందుకు? ఇక స్ట్రీట్ ఫైట్ మాట నాకు తెలియదు, నేను వీధిలో ఎప్పుడూ ఎవరితోనూ కొట్టుకోలేదు.

నిషికసాయి_నాని · జూన్ 2, రాత్రి 11:35

అప్‌డేట్. గత వారం నుంచి పట్టుకోనిచ్చారు!! ముందు హిజా గురుమా, అంటే అవతలివాడి మోకాలి దగ్గర పాదం ఆనించి తిప్పి పడెయ్యటం. ఇప్పుడు ఓ గోషి. అంటే నడుం చుట్టూ చెయ్యి వేసి మన తుంటి మీదుగా తిప్పి పడెయ్యటం. పడెయ్యటం కాదులెండి, ఉచికోమి మాత్రమే, త్రో దాకా వెళ్ళి ఆపి వెనక్కి రావటం, పది పది సెట్లు, మళ్ళీ పార్ట్‌నర్ పది. మొత్తం వంద అయ్యేసరికి చొక్కా పిండితే నీళ్ళు.

నా పార్ట్‌నర్ పక్క ఆఫీసుల్లో ఏదో దాంట్లో పనిచేసే పాతికేళ్ళ కుర్రాడు, నాకంటే నాలుగు అంగుళాలు పొట్టి, నన్ను దిండు ఎత్తినట్టు ఎత్తుతున్నాడు. నేను వాణ్ణి ఎత్తబోతే గోడని ఎత్తుతున్నట్టుంది. నడుం పట్టేసింది కూడా. ఏం తప్పు చేస్తున్నానో తెలీటం లేదు, సెన్సే వచ్చి నా మోకాళ్ళ మీద కర్రతో మెల్లగా తట్టి వెళ్ళిపోతాడు. ఆ తట్టటానికి అర్థం ఏంటో.

ఫిజియో_పిల్ల · జూన్ 3, ఉదయం 9:20

మోకాళ్ళు వంచమని అర్థమండీ. నేను జూడో మనిషిని కాదు, నడుం నొప్పులు చూసే మనిషిని. మీరు రాసింది చూస్తే మీరు కాళ్ళు నిటారుగా ఉంచి నడుం దగ్గర వంగి లాగుతున్నారు, బియ్యం బస్తా తప్పుగా ఎత్తినట్టు. బరువంతా వెన్ను కింది భాగం మీద పడుతుంది. పొట్టివాడికి మీరు దిండులా ఎందుకున్నారంటే వాడి తుంటి పుట్టుకతోనే మీ తుంటి కింద ఉంది. మీరు వంగి దాని కిందికి వెళ్ళాలి.

నొప్పి కాల్లోకి జాలుగా పాకుతుంటే మాత్రం ప్రాక్టీస్ ఆపి డాక్టరుకి చూపించండి.

పాతచాప · జూన్ 3, మధ్యాహ్నం 2:00

డాక్టరమ్మ చెప్పింది అక్షరాలా కరెక్టు. గుర్తు ఒకటే, మీ బెల్టు అతని బెల్టు కింద ఉండాలి. తిరిగేటప్పుడు రెండు పాదాలూ అతని రెండు పాదాల మధ్య పడాలి, మీ పాదాలు అతని పాదాల కంటే ఎడంగా ఉంటే తిరగలేరు. వెన్ను నిటారు, మోకాళ్ళు వంపు, అతని పొట్టకీ మీ వీపుకీ మధ్య పేపర్ కూడా దూరకూడదు. ఆ తర్వాత ఎత్తేదేం లేదు, మోకాళ్ళు చాపితే అతని పాదాలు వాటంతటవే లేస్తాయి.

కానో గారికి ఇష్టమైనది దీని తమ్ముడు, ఉకి గోషి. ఆయన ఎడాపెడా పడేస్తుంటే ఒక శిష్యుడు ఆయన తుంటి మీదుగా దూకి తప్పించుకోవటం మొదలెట్టాడు, సరేనని కానో కాలు వెనక్కి చాచి ఆ దూకేవాణ్ణి ఊడ్చేశాడు, అదే హరాయి గోషి అయింది.

విజయనగరం_బుల్లి · జూన్ 4, రాత్రి 8:45

మధ్యలో దూరుతున్నాను ఏటనుకోకండి. మన దేశానికి జూడో ఇప్పటిదేం కాదండి, రవీంద్రనాథ్ ఠాగూర్ 1929లో తకగాకి షిన్‌జో అనే జూడో మాస్టర్ని జపాన్ నుంచి శాంతినికేతన్‌కి రప్పించి పిల్లలకి నేర్పించారు, ఆడపిల్లలకి కూడా. అంతకుముందు 1905లోనే సానో అని ఇంకొకాయన వచ్చారు. కోడి రామమూర్తి గారి ఊరు వాళ్ళం, బలం కబుర్లు వస్తే ఆగలేం.

బెజవాడ_కరాటే · జూన్ 4, రాత్రి 9:10

ఇంతకీ ఈ పేర్లేంటండీ, ఓసోతో గారి, ఓఉచి గారి, కోఉచి గారి. అందరికీ గారు పెడుతున్నారు, మర్యాద మరీ ఎక్కువైంది. ఓసోతో గారూ బాగున్నారా.

నిషికసాయి_నాని · జూన్ 20, రాత్రి 12:15

ఇవాళ ఓసోతో గారి గారు నా పరువు తీశారు. నిద్ర పట్టక రాస్తున్నా.

ఆ కుర్రాడే పార్ట్‌నర్. పక్కకి అడుగు వేసి అతని బరువు కుడి మడమ మీదికి ఒరిగించి నా కుడి కాలితో అతని కుడికాలిని వెనకనుంచి ఊడ్చెయ్యాలి. వారం నుంచి మెల్లగా చేస్తున్నాం, ఇవాళ మొదటిసారి నిజంగా ఒరిగాడు. సిలిండర్ ఒరిగినట్టే అంచు మీదికి వచ్చేశాడు, నాకు చేతిలో తెలిసింది, కాలు వేశా, గాల్లోకి లేచాడు. ఆ క్షణం నేను ఎంత సంబరపడ్డానంటే రెండు చేతులూ వదిలేశా. క్రికెట్‌లో వికెట్ పడినట్టు చేతులు పైకెత్తా కూడా అనుకుంటా.

అతను కింద దబ్బుమని పడ్డాడు. గడ్డం లోపలికే పెట్టుకున్నాడు, తల తగల్లేదు, చెయ్యి కూడా కొట్టాడు. కానీ ఆ చప్పుడు వేరేగా ఉంది. హాలంతా ఆగిపోయింది. సెన్సే నడుచుకుంటూ వచ్చి అతని కళ్ళలోకి చూసి ఏదో అడిగి, లేపి కూర్చోబెట్టి, తర్వాత నా ఎడమచెయ్యి తీసుకుని ఆ కుర్రాడి స్లీవ్ మీద పెట్టాడు. క్లాసు అయ్యేదాకా ఇంకేం చెయ్యనివ్వలేదు. అతను మెల్లగా కూర్చుంటాడు, లేస్తాడు, నేను స్లీవ్ పట్టుకుని ఉండాలి. అంతే. అరగంట. పక్కన మిగతావాళ్ళు పడేసుకుంటున్నారు.

ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆఖర్న నేను సారీ చెప్పబోతే ఆ కుర్రాడే ముందు వంగి నా ఉకెమి బాలేదు, సారీ అన్నాడు. నాకేం మాట్లాడాలో తోచలేదండీ.

కరీంనగర్_గోదా · జూన్ 20, ఉదయం 7:05

నానీ, గారి అంటే ఏందో ఎవరన్న చెప్పిన్రా నీకు? నేను మొన్న ఎవర్నో అడిగిన. కోతంట. కొడవలితోని కోసుడు. ఓసోతో గారి అంటే బయటి దిక్కు నుంచి పెద్ద కోత.

వరి కోసిన్నవా ఎప్పుడన్న? నేను కోసిన. ఎడమ చేత్తోని దుబ్బు పట్టుకుంటం, కుడి చేత్తోని కొడవలి. కోసినంక ఎడమ చెయ్యి ఇడుస్తమా? ఇడిస్తె గింజలన్ని నేల రాల్తయి. కోసిన పిడికెడు మెల్లగ పక్కన పండవెడతం. నీ ఎడమ చెయ్యి గదే.

పాతచాప · జూన్ 20, ఉదయం 8:40

తమ్ముడూ ఇరవై ఏళ్ళకు పైగా జూడోలో ఉన్నాను, ఈ మాట నాకు తోచలేదు. రేపట్నుంచి మా పిల్లలకి ఇదే చెప్తా, సిటీ పిల్లలు వరి చూశారో లేదో మరి.

నాని గారూ, హికితే పేరుకి లాగే చెయ్యే గానీ త్రో అయిపోయాక దాని పని పైకి పట్టి ఉంచటం. అవతలివాడు కిందికి వచ్చే చివరి క్షణంలో మీరు స్లీవ్ పైకి లాగి ఉంచితే అతని పైభాగం కొంచెం ఆగి తల నేలకి దూరంగా ఉంటుంది, పక్కకి తిరిగి పడతాడు, రెండో చేత్తో చాప కొట్టుకోగలడు. వదిలేస్తే వెల్లకిలా సూటిగా పోతాడు. ఉకెమి వాళ్ళ వంతు అని కదా మీరు రెండు నెలలు అనుకున్నది. సగం మీ వంతు.

రేపు ఆ కుర్రాడిని తలనొప్పి, వికారం ఏమైనా ఉన్నాయా అని తప్పకుండా అడగండి. తల తగలకపోయినా సరే, ఊపుకి కూడా రావచ్చు. ఉంటే డాక్టరు, ఆ వారం చాప ఎక్కటం లేదు.

నిషికసాయి_నాని · జూన్ 21, రాత్రి 10:30

అడిగానండి, బానే ఉన్నాడు. పైగా శనివారం ఇంకా ప్రాక్టీస్ చేద్దామా అని మెసేజ్ పెట్టాడు. నేను వస్తా, నువ్వే నన్ను పడెయ్యి అని చెప్పా.

బెజవాడ_కరాటే · జూలై 1, సాయంత్రం 6:20

సరే ఒప్పుకుంటున్నా పడటం కూడా విద్యే. బెల్ట్ సంగతి చెప్పు బ్రో, ఎల్లో వచ్చిందా? నాకు మూడు నెలలకే వచ్చింది.

ఒసాకా_వదిన · జూలై 1, రాత్రి 9:55

జపాన్‌లో పెద్దవాళ్ళకి ఎల్లోలు ఆరెంజ్‌లు మామూలుగా ఉండవు తమ్ముడూ, తెల్లది, కొన్నిచోట్ల చివర్లో బ్రౌన్, తర్వాత నల్లది, అంతే. ఆ రంగులన్నీ యూరప్‌లో పెట్టుకున్నవి. మా బాబుకి రంగుంది, పిల్లలు కాబట్టి, ఇంట్లో అన్నానికి కూర్చున్నా తీయడు. నాది మూడేళ్ళుగా తెల్లదే, ఇప్పుడు పెరుగు రంగులోకి వచ్చింది. నల్ల బెల్టుని వీళ్ళు షోదాన్ అంటారు, మొదటి మెట్టు అని అర్థం, అది రాగానే అయిపోయిందని ఎవరూ అనుకోరు.

నిషికసాయి_నాని · జూలై 3, రాత్రి 11:00

నాదీ తెల్లదే కరాటే బ్రో, మరకలతో సహా.

వదినా, బెల్టు కాదు గానీ గి గురించి చెప్పు. ఈ వానాకాలంలో రెండు రోజులైనా ఆరటం లేదు, కంపు కొడుతోంది, మెట్రోలో నా పక్కన సీటు ఖాళీగా ఉంటోంది. డ్రైయర్‌లో వేసెయ్యొచ్చా?

ఒసాకా_వదిన · జూలై 3, రాత్రి 11:25

డ్రైయర్‌లో వేశావో అది మీ పక్కింటి పిల్లాడికి సరిపోతుంది, కాటన్ కదా ముడుచుకుపోతుంది. ఇంటికి రాగానే, స్నానానికి ముందే మెషిన్‌లో వెయ్యి, బ్యాగులో మర్నాటిదాకా ఉంచావంటే ఇక పోదు. చన్నీళ్ళు, మెషిన్ నిండా కుక్కకు, ఒక్కటే వెయ్యి. ఆరేసేటప్పుడు చేతుల గుండా కర్ర దూర్చి దండెం మీద చేతులు చాపి నిలబడ్డట్టు పెట్టి కింద నుంచి ఫ్యాన్. చంకల దగ్గరే ఆరదు, అది ఆరితే అంతా ఆరినట్టు. ఇంకో జత కొనుక్కో, అందరం చివరికి చేసేది అదే.

నిషికసాయి_నాని · జూలై 5, ఉదయం 7:30

కర్ర లేక కర్టెన్ రాడ్‌కి తగిలించా వదినా. తడిసిన గి బరువుకి రాత్రి రెండింటికి రాడ్డు గోడలోంచి ఊడి వచ్చి పడింది, అద్దె ఇల్లు. మా ఆవిడ లేచి లైటు వేసి చూసి "దీనికి కూడా నేర్పాల్సింది" అని మళ్ళీ పడుకుంది. ఇంకో జత ఆర్డర్ పెట్టేశా. గోడకి ఆ కన్నాలు ఓనరుకి తెలియకుండా పూడ్చేది ఏ షాపులో దొరుకుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.